గుడ్డెలుగు మూతి పనితనం

ఎలుగుబంటి పుర్రెను ఎదురుగా పెట్టుకుని చూస్తే కన్ను ముందు పడేది పన్ను మీద కాదు, పన్ను లేని చోటు మీద. పై దవడలో సరిగ్గా నడుమ, రెండు పళ్ళ మేర ఖాళీ ఉంటుంది. ముసలితనంతో రాలినవి కావు, దెబ్బకు ఊడినవీ కావు. పెద్దపళ్ళ వరసలో ఆ రెండూ అసలు మొలవనే మొలవవు. మామూలుగా ఎలుగు జాతులకు 42 పళ్ళు. మన అడవుల్లో తిరిగే గుడ్డెలుగుకు 40. లోటులా కనిపించే ఆ సందు మీదే దాని తిండి చాలావరకు ఆధారపడి ఉంది.

1791లో ఇంగ్లండుకు చెందిన జార్జ్ షా ఈ జంతువుకు శాస్త్రీయ నామం పెడుతూ, ముందు పళ్ళు లేకపోవడమూ పొడుగాటి వంకర గోళ్ళూ చూసి, దక్షిణ అమెరికాలో చెట్టుకొమ్మలకు తలకిందులుగా వేలాడే స్లాత్‌ల గుంపులో కలిపేశాడు. 1793లో మేయర్ అనే మరో శాస్త్రజ్ఞుడు దాన్ని అక్కణ్ణుంచి తీసి వేరే ప్రజాతి కింద పెట్టాడు. షాను తప్పుపట్టాలని నాకు అనిపించదు. జంతువును పనిలో ఉండగా చూడనివాడికి ఆ ఖాళీ దేనికో తెలిసే వీల్లేదు. అది తెలియాలంటే చెదపుట్ట దగ్గర చూడాలి.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే దారికి ఎడమపక్కన కిన్నెరసాని అభయారణ్యం ఉంది. 1977లో ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు. గోదావరి దాటితే దుమ్ముగూడెం, చర్ల. వాటికి అవతల ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ అడవులు. నది వెంట కిందికి పోతే పాపికొండలు, 2008 నుంచి జాతీయ ఉద్యానం. ఈ మొత్తం మేర గుడ్డెలుగు నేల. పులి అడుగు కనిపిస్తే పత్రికల్లో ఫొటో వస్తుంది. ఎలుగు మాత్రం మనిషిని రక్కినప్పుడే వార్తకెక్కుతుంది. అది రోజూ చేసుకునే పని గురించి మనవాళ్ళు రాసింది చాలా తక్కువ. నాకు ఆ పనే ముఖ్యం.

ఎండాకాలంలో మన చెదపుట్ట మట్టి ఎంత గట్టిదో గడ్డపార పట్టినవాళ్ళకు తెలుసు. గుడ్డెలుగు ముంగాళ్ళకు అయిదేసి గోళ్ళు, ఒక్కొక్కటి మూడంగుళాల దాకా పొడవు, తెల్లగా, కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. పిల్లి గోళ్ళలా లోపలికి ముడుచుకోవు, ఎప్పుడూ బయటే. వేళ్ళు అయిదూ దాదాపు ఒకే వరసలో, మధ్య వెంట్రుకల్లేని చర్మంతో కలిసి ఉండటం వల్ల పాదమంతా ఒక్కసారిగా మట్టిని పట్టి లాగుతుంది. ఎలుగు తవ్విపోయిన పుట్ట ఒకదాన్ని దగ్గరగా కూర్చుని చూశాను. పైన ఉన్న గోపురాల జోలికి అది పోలేదు. పక్కనుంచి, నేలమట్టానికి కాస్త పైన, ఏటవాలుగా లోపలికి దిగింది. గోడ మీద గీతలు అయిదేసి చొప్పున పక్కపక్కన పడి ఉన్నాయి. గొయ్యి అడుగున మాత్రం గోటి గుర్తు లేదు. మట్టి పొడి అంతా ఊడ్చినట్టు శుభ్రంగా, లోపలి అరల అంచులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అక్కడిదాకా గోళ్ళ పని. ఆ తర్వాత చేసింది నోరు.

మన పుట్టల్లోని చెదలు చాలావరకు సేద్యగాళ్ళు. నమిలిన ఆకూ కర్రా మీద బూజు పెంచి దాన్ని తింటాయి. తొలివానలకు పుట్టల మీద లేచే పుట్టగొడుగులు ఆ బూజు తోటల పంటే. తోటలుండేది పుట్ట అడుగున, తేనెపట్టులా రంధ్రాలున్న మెత్తటి గడ్డల్లో. పిల్ల చెదలు, కూలి చెదలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. ఎలుగు చేరాల్సింది ఆ గడ్డ దగ్గరికి. చేరాక ముందు ఊదుతుంది. కమ్మరి కొలిమి తిత్తి నొక్కినట్టు ఊపిరంతా ఒక్క దెబ్బలో వదిలితే పొడిమట్టి, రాలిన పెచ్చులు ఎగిరి పక్కకు పోతాయి. వెంటనే పీలుస్తుంది. పై పెదవి, కింది పెదవి ముందుకు సాగి గొట్టంలా గుండ్రంగా చుట్టుకుంటాయి. కింది పెదవి ముక్కు అంచు దాకా కూడా సాగగలదు. ముక్కుపుటాలు గట్టిగా మూసుకుంటాయి. లేకుంటే మట్టి, చెదలు ముక్కులోకే పోతాయి. అంగిలి మిగతా ఎలుగుల కంటే వెడల్పుగా, లోతుగా గుల్లతేలి ఉంటుంది కనుక లోపల గాలికి చోటు ఎక్కువ. ఇక ముందు రెండు పళ్ళు లేని సందు ఆ గాలికి దారి. పళ్ళుంటే చెదలు వాటికే తగిలి ఆగేవి.

ఊదడం, పీల్చడం, మళ్ళీ ఊదడం. ఈ చప్పుడు వంద మీటర్లు దాటి వినిపిస్తుంది. 19వ శతాబ్దంలో మన దేశపు జంతువుల్ని గమనించి రాసిన సైనికోద్యోగి శామ్యూల్ టికెల్ దీన్ని వివరంగా వర్ణించాడు. రెండు వందల గజాల దూరం నుంచి కూడా వినబడుతుందని, నేలలో లోతున ఉన్న పురుగుల్ని సైతం ఇలా పీల్చి బయటికి తీస్తుందని చెప్పాడు. దుర్భిణీ తప్ప సాయం లేని రోజుల్లో ఆయన చూసింది ఇప్పటి పరిశోధకులు చూసినదానికి ఏమాత్రం తీసిపోదు.

ఒక్కో చెద బరువు పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. మగ గుడ్డెలుగు నూరు కిలోలు దాటుతుంది. అంత శరీరాన్ని ఇంత చిన్న మెతుకులతో పోషించుకోవడం మామూలు సంగతి కాదు. బ్రయన్ మెక్‌నాబ్ అనే శాస్త్రజ్ఞుడు 1992లో దీని శరీరం ఎంత శక్తి ఖర్చు చేస్తుందో కొలిచి, ఆ పరిమాణపు జంతువుకు ఉండాల్సిన దానికంటే తక్కువని తేల్చాడు. చీమలు, చెదలు తిని బతికే వేరే జంతువుల్లోనూ ఇదే తీరు కనిపిస్తుంది. మూతి, గోరు మాత్రమే కాదు, లోపలి జీవక్రియ లెక్క కూడా ఈ తిండికి తగ్గట్టే కుదిరింది.

ఊది, పీల్చి తినే నేర్పు మన అడవికే సొంతమనుకోనక్కర్లేదు. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న మంచు సముద్రాల్లో గడ్డం సీలు అనే జంతువు ఉంది. మూతి చుట్టూ ఒత్తుగా పొడవాటి మీసాలు. తక్కువ లోతు సముద్రంలో అడుగుకు దిగి, మీసాలతో బురదను తడిమి, నోటినుంచి నీటిధార కొట్టి బురద చెదరగొట్టి, లోపల దాక్కున్న ఆల్చిప్పల మాంసాన్ని, పురుగుల్ని పీల్చుకుంటుంది. క్రిస్టఫర్ మార్షల్, కిట్ కోవాక్స్, క్రిస్టియన్ లిడర్సెన్ 2008లో ఈ పీల్పును కొలతలతో సహా ప్రచురించారు. ఒకటి గాలితో చేసే పనిని రెండోది నీటితో చేస్తుంది. బూజు తోటల్లో దాగిన చెదకూ బురదలో దాగిన ఆల్చిప్పకూ చేరే దారి రెండు జంతువులకూ ఒకటే దొరికింది. నాకు సీళ్ళ తిండిలో ఆసక్తి పుట్టించింది మరో విషయం. ఒకే జాతి ఒక్కో సముద్రంలో ఒక్కో రకంగా తింటుంది. ఒంటిమీద ఉంగరాల మచ్చలుండే సీలు నార్వేకు ఉత్తరాన స్వాల్బార్డ్ దీవుల దగ్గర ధ్రువప్రాంతపు కాడ్ చేపల మీద బతుకుతుంది. కెనడాలోని హడ్సన్ అఖాతంలో ఇసుకలో దూరే సన్నటి చేపలు దాని ముఖ్యాహారం. మూతి అదే, పళ్ళు అవే, పళ్ళెం వేరు. మన ఎలుగు సంగతి కూడా సరిగ్గా ఇదే.

చెదల కోసమే చెక్కినట్టున్న ఈ నోరు ఏడాది పొడుగునా చెదలే తినదు. భద్రాచలం అడవిలో ఏ నెలలో ఏం తింటుందో చెప్పాలంటే చెట్ల పంచాంగం తెలిసి ఉండాలి. చలికాలంలో రేగు, పరికి పండ్లు. చలి వెనకపడ్డాక రేలకాయలు నల్లబడతాయి. మూరెడు పొడవుండే ఆ కాయల్ని ఎలుగు చితక్కొట్టి, లోపలి బిళ్ళల మధ్య ఉండే తీపి జిగురు నాకుతుంది. ఫాల్గుణం, చైత్రాల్లో ఇప్ప పువ్వు. ఎండలు ముదిరితే తునికి, మొర్రి, ఈత పండ్లు, తేనెపట్లు. వానల మొదట్లో నేరేడు. మేడి, మర్రి, జువ్వి ఒక నెలకు కట్టుబడవు. ఏ వాగు పక్కన ఎప్పుడు కాస్తే అప్పుడు. పండ్లు తగ్గేసరికి నేల తడిసి మెత్తబడి ఉంటుంది, చెదలు, చీమల తవ్వకం మళ్ళీ మొదలు.

ఇందులో ఇప్ప పువ్వు దగ్గర కాసేపు ఆగాలి. ఈ పువ్వు రాత్రి రాలుతుంది, తెల్లవారుజాముకు చెట్టు కింద తెల్లగా పరుచుకుంటుంది. గుజ్జుగా, తీపిగా, చక్కెర నిండి ఉంటుంది. కోయ కుటుంబాలు గంపలు పట్టుకుని చీకటి ఉండగానే బయలుదేరతాయి. పగలయ్యేకొద్దీ పశువులు, జింకలు తినేస్తాయి, ఎండకు వాడిపోతుంది కూడా. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊళ్ళో అందరికీ తెలుసు. పోడు కొట్టినా, పొలం చేసినా ఇప్పచెట్టును మాత్రం నరకరు. ఎండబెట్టి దాచుకుంటారు, ఉడికించి తింటారు, సారా కాస్తారు, సంతలో అమ్ముతారు. అందుకే అడవి వెనక్కి జరిగిన చోట కూడా పొలాల నడుమ ఇప్పలు నిలబడి ఉంటాయి. ఎలుగుకు పొలం గట్టు తెలియదు, పువ్వు వాసన తెలుసు. రాత్రంతా తిరిగి తెల్లవారే ముందు అది కూడా ఆ చెట్టు కిందికే వస్తుంది. ఒకే గంటలో, ఒకే చెట్టు కింద, ఇద్దరికీ పని పడుతుంది.

ఎలుగు మనిషి మీద పడటానికి దాని పగో కోపమో కారణమని చాలామంది నమ్ముతారు. దాని తినే పద్ధతి గమనిస్తే వేరే జవాబు దొరుకుతుంది. చూపు అంతంత మాత్రం. తల నేలకు ఆన్చి, బుస్సుమంటూ పీలుస్తూ తింటున్నప్పుడు దాని చప్పుడే దానికి అడ్డం, మనిషి అడుగు వినబడదు. తల ఎత్తేసరికి మనిషి పది అడుగుల్లో ఉంటాడు. పులి తిరిగే అడవిలో పెరిగిన జంతువు ఆ దూరంలో పారిపోదు, లేచి కొడుతుంది. తెల్లవారుజామున ఇప్ప ఏరడానికి పోయే ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ పోవడం వెనక ఈ లెక్కంతా ఉంది.

ఇవన్నీ ఎలా తెలుస్తాయి? ఎక్కువగా మలం చూసి. ఎలుగు పెంట ఎండాక కడిగి, జల్లెడ పట్టి, ఏరితే దాని తిండి బయటపడుతుంది. చెదల మెత్తటి శరీరం అరిగిపోతుంది గాని సైనిక చెదల గట్టి తలకాయలు అరగవు. చీమల తలలు, కాళ్ళు కూడా మిగులుతాయి. రేగు టెంకలు, తునికి గింజలు, నున్నగా మెరిసే రేల గింజలు ఎక్కడివక్కడే. నేను చూసిన ఒక కుప్పలో సగానికి పైగా రేల గింజలే ఉన్నాయి. వాటి నడుమ గోధుమరంగు పొడిలా కనిపించింది భూతద్దం కింద పెడితే చెదల తలలు. ఈ పద్ధతికి ఒక లోపం ఉంది, పరిశోధకులే ఒప్పుకుంటారు. తేనె, ఇప్ప పువ్వు లాంటివి దాదాపు ఆనవాలు లేకుండా అరిగిపోతాయి. కాబట్టి మలం లెక్కల్లో ఇప్ప ఎప్పుడూ తక్కువే పడుతుంది. ఈ అడవి గురించి మాట్లాడేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోవాలి. పువ్వు ఏరేవాళ్ళ మాట ఇక్కడ జల్లెడ కంటే నమ్మదగ్గ సాక్ష్యం.

మింగిన గింజల్లో చాలా భాగం పగలకుండానే బయటికి వస్తాయి. ఒక రేలచెట్టు కింద తిన్న ఎలుగు రాత్రికి రాత్రి కొండ అవతలకు పోతుంది, గింజలు అక్కడ పడతాయి. రేలకాయ దానంతటది పగిలి గింజ విసరదు. ఎవరో ఒకరు పగలగొట్టి తీసుకుపోవాలి. మన అడవిలో ఆ పని చేసేవాళ్ళలో గుడ్డెలుగు ఒకటి.

ఇక వేరే చోట్లు. నేపాల్‌లోని చిత్వన్‌లో అనూప్ జోషి, డేవిడ్ గార్షెలిస్, జేమ్స్ స్మిత్ చేసి 1997లో ప్రచురించిన పని ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చినది. అక్కడ నదుల పక్కన ఒండ్రు నేల, ఏనుగెత్తు గడ్డి. పండ్లు దొరికే నెలలు కొన్నే. ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడి ఎలుగు చెదలు, చీమల మీదే నడుస్తుంది. వానాకాలంలో నదులు పొంగి గడ్డినేల నీట నానితే చెదల గూళ్ళు అందవు. అప్పుడు మెట్ట మీది సాల అడవులకు ఎక్కుతుంది, వానలు వెనకపడ్డాక మళ్ళీ దిగుతుంది. అంటే ఈ మూతికి పూర్తి పని దొరికే చోటు చిత్వన్. దక్షిణాన తమిళనాడులోని ముదుమలైలో లెక్క మారుతుంది. అక్కడ రేల, రేగు లాంటి పండ్ల వాటా పెద్దది. శ్రీలంక ఎండు అడవుల్లో జూన్, జులైల్లో పాలచెట్టు పండుతుంది. పసుపురంగు చిన్న పండ్ల కోసం ఎలుగులు పగటిపూట కూడా కొమ్మలెక్కుతాయి. అక్కడి యాలా జాతీయ ఉద్యానానికి పోయే సందర్శకులు ఆ నెలలు చూసుకునే పోతారు. గోదావరికి ఉత్తరాన ఛత్తీస్‌గఢ్‌లోని మర్వాహీ ప్రాంతంలో అడవి తునాతునకలై ఊళ్ళ మధ్య మిగిలింది. అక్కడి ఎలుగులు మేడి జాతి పండ్లు, రేగుతో పాటు రైతు పంట కూడా తింటాయని బర్గాలి, అఖ్తర్, చౌహాన్ 2004లో రాశారు.

తెలుగు నేల మీదే ఇంకో ఉదాహరణ ఉంది, ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల జీడిమామిడి, పనస, కొబ్బరి తోటలు సముద్రం దాకా పరుచుకుని ఉన్నాయి. అక్కడ ఎలుగు తోటల్లోనే మకాం. జీడిపండు, పనసపండు దాని వేసవి తిండి. కిన్నెరసాని ఎలుగు వేసవిలో తునికి కింద, మొర్రి కింద తిరిగే రోజుల్లోనే ఉద్దానం ఎలుగు రైతు నాటిన చెట్టు కింద తిరుగుతుంది. జాతి ఒకటే, గోరు ఒకటే, ఆ రెండు పళ్ళ ఖాళీ కూడా ఒకటే. చెద తినడానికి తయారైన నోరు పనసతొన పీక్కోవడానికీ పనికొచ్చింది. ఒకే పనికి ఇంత నిక్కచ్చిగా అమరిన పనిముట్టు సాధారణంగా రెండో పనికి పనికిరాదు. చీమలు, చెదలు మాత్రమే తినే పంగోలిన్‌కు, అదే మన అలుగుకు, అసలు పళ్ళే లేవు; పండు దానికి అక్కర్లేని వస్తువు. గుడ్డెలుగు మాత్రం ముందు రెండు పళ్ళు వదులుకుని, దవడ పళ్ళు ఉంచుకుంది. చెదలకు సందు, పండుకు దవడ. నేను మెచ్చుకునేది ఈ పొదుపును.

ఈ పంచాంగం పిల్లకు తల్లి వీపు మీద వంటబడుతుంది. పిల్లలు చలికాలంలో గుహలోనో బొరియలోనో పుడతాయి, ఒకటి లేదా రెండు, అరుదుగా మూడు. రెండు మూడు నెలలకు తల్లి వాటిని బయటికి తెస్తుంది, అంటే సుమారుగా ఇప్ప పువ్వు రాలే కాలానికి. అప్పట్నుంచి నెలల తరబడి తల్లి భుజాల దగ్గరి పొడవాటి జుట్టు పట్టుకుని వీపు మీద సవారీ. ఎలుగు జాతులన్నిటిలో ఇలా పిల్లల్ని మోసుకు తిరగడం అలవాటుగా ఉన్నది దీనికే. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ దాకా పిల్లలు తల్లిని వదలవు. ఆ లోగా ఏ వాగు ఒడ్డున మేడి ఉందో, ఏ గుట్ట మీద మొర్రి ముందు పండుతుందో, ఏ పుట్ట మట్టి మెత్తనో ఒకటికి రెండుసార్లు చూసి ఉంటాయి.

ఆ చెట్లు అలాగే ఉంటేనే ఆ చదువుకు విలువ. ఈ ప్రాంతంలో తునికి చాలాచోట్ల ఆకు కోసం బతుకుతోంది. మంచి ఆకు రావాలని ఎండాకాలానికి ముందే పొదల్ని కొడతారు, లేత చిగురు కోస్తారు. కూలీ కుటుంబాలకు వేసవి ఆదాయం అదే. అయితే అలా ఏటా కొట్టిన పొద కాపుకు రాదు. పండు కావాలంటే ఎత్తుగా ఎదిగిన తునికి చెట్టు కావాలి. జామాయిల్ తోట వేసిన చోట ఎలుగుకు పండే లేదు, చెద ఒక్కటే మిగులుతుంది. మొర్రి కాయలకు ధర పలికే ఏడాది కొమ్మలు నరికి మరీ దులుపుతారు, మరుసటేడు కాపు ఉండదు. అటవీశాఖ మొక్కలు నాటే జాబితాలో టేకు పక్కన మేడి, నేరేడు, మొర్రి, తునికి కూడా వరసకు నాలుగు చేర్చి, వాగుల పొడుగునా ఇప్పటికే ఎదిగి ఉన్నవాటికి సున్నం గుర్తు వేసి నరక్కుండా కాపాడితే గుడ్డెలుగుకు వేసవిలో పల్లె వైపు దిగే అవసరం తగ్గుతుంది. అదే చెట్ల కింద మొర్రి ఏరుకునే కోయ ఇళ్ళకూ ఆ కాపు అందుతుంది.